చిన్నపిల్లలతో దుబాయ్ మాల్‌కు వెళ్లేవారికి

దుబాయ్‌లో ఉన్న అన్నయ్య ఇంటికో, అక్క ఇంటికో వెళ్లిన తెలుగు కుటుంబం వారం తిరగకముందే దుబాయ్ మాల్‌కు బయలుదేరుతుంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచీ, కడప, కోనసీమల నుంచీ అక్కడికి ఉద్యోగాలకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు కాబట్టి, వారిని చూడడానికి వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలు, వెంట నాలుగేళ్ల మనవడు, చంకలో పది నెలల మనవరాలు, ఇలా ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లడమే ఎక్కువ. అలా వెళ్లినవారిలో చాలామంది సాయంత్రానికి ఏడ్చే పిల్లలతో, నొప్పిపుట్టిన కాళ్లతో తిరిగి వస్తారు. తప్పు పిల్లలది కాదు. 2008 నవంబరు 4న తెరిచిన ఆ మాల్‌లో 1,200కు పైగా దుకాణాలున్నాయి. దాన్ని ఒక అంగడిలా కాక ఒక ఊరిలా లెక్కవేసుకోవాలి. ఊరంతా ఒక్కపూటలో చూడాలని ఎవరూ అనుకోరు కదా. ఒక రాకకు ఒక్క వింత చాలుననీ, ఆ వింతను కూడా గోడ గడియారం ప్రకారం కాక పిల్లల ఒంట్లోని గడియారం ప్రకారం చూపించాలనీ మూడుసార్లు వెళ్లి వచ్చిన తర్వాత నాకు గట్టిగా అనిపించింది. కింద రాసినదంతా ఆ లెక్కమీదే నడుస్తుంది.

గంటన్నర తేడాను వాడుకోవాలి

దుబాయ్ సమయం మన సమయం కంటే గంటన్నర వెనుక ఉంటుంది. పెద్దవాళ్లకు ఇది పట్టించుకోనక్కర్లేని తేడాగా కనిపిస్తుంది గానీ, మూడేళ్ల పిల్లవాడి ఆకలికీ నిద్రకూ చేతి గడియారంతో పనిలేదు. ఇంట్లో ఉదయం ఆరున్నరకు లేచే అలవాటున్న పిల్లవాడు అక్కడ ఐదు గంటలకే లేచి కూర్చుంటాడు. ఒంటిగంటకు అన్నం తినేవాడికి అక్కడ పదకొండున్నరకే ఆకలి వేస్తుంది. రాత్రి తొమ్మిదికి పడుకునేవాడికి అక్కడ ఏడున్నరకే కళ్లు మూతలు పడతాయి. పెద్ద పిల్లలు నాలుగైదు రోజుల్లో సర్దుకుంటారు. పసిపిల్లలకు ఇంకొంచెం సమయం పడుతుంది, పైగా వారం రోజుల ప్రయాణమైతే సర్దుకునే లోపే తిరుగు విమానం ఎక్కాల్సి వస్తుంది.

అందువల్ల ఈ తేడాతో పోట్లాడే బదులు దాన్నే వాడుకోవడం మంచిది. మాల్ ఉదయం పదింటికి తెరుచుకుంటుంది. అక్కడివాళ్లకు అది ఇంకా తొలిపొద్దు కిందే లెక్క కాబట్టి పది నుంచి పన్నెండు దాకా నడవాలన్నీ ఖాళీగా ఉంటాయి. మన పిల్లలకు మాత్రం అప్పటికి పదకొండున్నర అయి ఉంటుంది, వాళ్లు మంచి హుషారుగా ఉండే సమయం అదే. పదకొండున్నరకు వాళ్లకు ఆకలి వేసేసరికి ఫుడ్ కోర్టులో బల్లలు దొరుకుతాయి. ఒంటిగంట దాటితే ఆ బల్లల కోసం పళ్లెం చేతిలో పట్టుకుని, పిల్లను చంకనేసుకుని నిలబడాలి. తిన్న తర్వాత నిద్రవేళ వస్తుంది. ఇల్లు కరామా, బర్ దుబాయ్ వంటి దగ్గరి పేటల్లో ఉంటే ఇంటికి వెళ్లి పడుకోబెట్టి, సాయంత్రం కావాలంటే మళ్లీ రావడం అన్నిటికన్నా మేలు. షార్జా నుంచి వచ్చేవారికి అది కుదరదు కాబట్టి, వెనక్కి వాలే స్ట్రాలర్ (పిల్లలను కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి) ఒకటి తప్పనిసరిగా వెంట ఉంచుకోవాలి.

వారాల సంగతి కూడా గమనించాలి. 2022 జనవరి నుంచి అక్కడ శని, ఆదివారాలు సెలవులు, శుక్రవారం మధ్యాహ్నం దాకే ప్రభుత్వ కార్యాలయాలు పనిచేస్తాయి. ఉద్యోగం చేసే అన్నయ్యకు శనివారమే తీరుతుందనడం నిజమే గానీ, ఆ సాయంత్రం మాల్‌లో జనం తిరునాళ్లను తలపిస్తారు. అన్నయ్య లేకుండానే మంగళవారమో బుధవారమో ఉదయం మెట్రోలో వెళ్లి రావడం పిల్లలున్నవారికి ఎంతో సుఖం. రంజాన్ నెలలో వెళ్లేవారు మాత్రం దుకాణాల వేళలూ ప్రదర్శనల వేళలూ మారతాయని గుర్తుంచుకుని, ముందురోజే చూసుకోవాలి.

వెళ్లే దారి

మెట్రో రెడ్ లైన్‌లో బుర్జ్ ఖలీఫా/దుబాయ్ మాల్ అనే స్టేషన్ ఉంది. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, మిగిలినవారికి నోల్ అనే ప్రయాణ కార్డు ఉండాలి. రైల్లో ఒక చివర స్త్రీలకూ పిల్లలకూ వేరుగా కేటాయించిన పెట్టె ఉంటుంది, నేల మీద గులాబీరంగు గీత దాన్ని వేరుచేస్తుంది. ఆ గీత దాటి లోపల నిలబడ్డ మగవారికి 100 దిర్హమ్‌ల జరిమానా పడుతుంది. తల్లీపిల్లలు అందులో ఎక్కి, తండ్రి పక్క పెట్టెలో ఎక్కేటట్లయితే, దిగాల్సిన స్టేషన్ పేరు ఇద్దరూ ముందే గట్టిగా అనుకుని ఉండాలి. నోల్ కార్డులు కూడా ఎవరివి వారి దగ్గరే ఉండాలి, ఎందుకంటే బయటికి వెళ్లే గేటు దగ్గర కూడా కార్డు తాకించాలి. రైల్లోనూ స్టేషన్లోనూ తినడం, తాగడం నిషేధం, దానికీ 100 దిర్హమ్‌ల జరిమానా ఉంది. కాబట్టి బిస్కెట్ పొట్లం పిల్లవాడి చేతికి ఇచ్చి రైలెక్కించకూడదు.

స్టేషన్ దిగగానే మాల్ వచ్చేసిందనుకుంటే పొరపాటు. అక్కడినుంచి మాల్‌లోకి 820 మీటర్ల పొడవైన ఏసీ వంతెన ఉంది. దారి పొడవునా కదిలే నడకదారులు ఉన్నా, పెద్దవారికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. మూడేళ్ల పిల్లవాడు ఆ కదిలే దారి మీద పరుగెత్తడానికి సరదాపడి, మాల్ గుమ్మం చేరేసరికే ‘అమ్మా, ఎత్తుకో’ అంటాడు. ఆ వంతెన మీద పిల్లలను స్ట్రాలర్‌లో కూర్చోబెట్టి, వారి కాళ్లలోని సత్తువను లోపలి వింత కోసం దాచిపెట్టాలి.

కారులో వెళ్లేవారికి ఒక్క మాట. నాలుగేళ్లలోపు పిల్లలను ప్రత్యేకమైన పిల్లల సీటులో కూర్చోబెట్టాలనీ, పదేళ్లలోపు వారిని ముందు సీటులో కూర్చోబెట్టకూడదనీ అక్కడి చట్టం చెబుతుంది. ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లలే కదా అని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మన అలవాటు గానీ, అక్కడి ఆరు వరుసల రోడ్ల వేగం మీద ఆ అలవాటు ప్రాణాంతకం. అన్నయ్య కారులో సీటు లేకపోతే, బయలుదేరే ముందే తెలిసినవారి దగ్గర ఒకటి అడిగి ఉంచమని చెప్పడానికి మొహమాటపడవద్దు. కారు ఆపిన చోట స్తంభం మీది నంబరునూ రంగునూ ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. నిద్రపోయిన పిల్లను భుజాన వేసుకుని ఏ అంతస్తులో ఆపామో వెతుక్కోవడం నరకం.

సంచిలో ఉండవలసినవి

బయట వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండ ఉంటుంది, లోపల ఏసీ చలి. చెమటతో తడిసిన బనియనుతోనే ఆ చలిలోకి అడుగుపెడితే పిల్లలకు సాయంత్రానికి ముక్కు కారడం మొదలవుతుంది. లోపలికి రాగానే మొదటి పనిగా లోపలి బనియను మార్చి, పైన పలుచని నూలు స్వెటర్ వేయాలి. మా అమ్మ సంచిలో నాలుగు బనియన్లు సర్దుతుంటే ఇన్నెందుకని అడిగాను, సాయంత్రానికి నాలుగూ వాడేశాం.

డైపర్లు, తడి తువాళ్లు, ఒక జత బట్టలు, నీళ్ల సీసా, పారాసిటమాల్ సిరప్, దాని మందుచీటీ ఉంటే చాలు. మందుల విషయంలో అక్కడి నిబంధనలు గట్టివి కాబట్టి, డాక్టరు రాసిన చీటీ లేకుండా దగ్గు మందులూ నిద్ర మందులూ ఇంటి నుంచి తీసుకువెళ్లకూడదు. ఇంకో హెచ్చరిక మన వంటింటికి సంబంధించినది. గసగసాలు ఆ దేశంలో నిషిద్ధం. కూరపొడుల్లో, మసాలాల్లో గసగసాలు వేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అత్తగారు ప్రేమగా కట్టి ఇచ్చిన పొడి సీసాలో ఏమేం ఉన్నాయో విమానం ఎక్కకముందే అడిగి తెలుసుకోవాలి.

పిల్లల తిండి గురించి బెంగపడనక్కర్లేదు. పెరుగు, అరటిపండ్లు, పాలు అక్కడి సూపర్ మార్కెట్లలో దొరకని చోటు లేదు. ఇంటి దగ్గర కలిపిన పెరుగన్నాన్ని మూతగట్టి డబ్బాలో తీసుకువెళ్లి చంటిపిల్లకు పెట్టుకుంటే, ఎవరూ అభ్యంతరం చెప్పగా నేను చూడలేదు. మరుగుదొడ్లలో చేతి స్ప్రే ఉంటుంది, అది మనవాళ్లకు పెద్ద నిశ్చింత. పాలిచ్చే తల్లులకూ, డైపర్ మార్చుకోవడానికీ వేరే గదులు ఉన్నాయి. లోపలికి రాగానే సమాచారపు బల్ల దగ్గర అడిగి, మీరు తిరగబోయే అంతస్తులో ఆ గది ఎక్కడుందో తెలుసుకుంటే పసిపిల్ల ఏడుస్తున్నప్పుడు పరుగులు పెట్టనక్కర్లేదు.

పిల్ల తప్పిపోకుండా, తప్పిపోతే దొరికేలా

ఈ భాగం మీద నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీన్ని నేను అనుభవించాను. ఒక మాల్‌లో, బట్టల దుకాణంలో డబ్బులు కట్టడానికి కార్డు తీసి, పక్కకు తిరిగేసరికి మూడేళ్ల మా అబ్బాయి లేడు. ఏడెనిమిది నిమిషాల తర్వాత ఒక సెక్యూరిటీ ఉద్యోగి చేయి పట్టుకుని తీసుకువచ్చాడు. వేలాడదీసిన కోట్ల వెనుక కూర్చుని ఉన్నాడట. నన్ను ఆ తర్వాత చాలా రోజులు కలచివేసింది వాడు తప్పిపోవడం కాదు. పేరేమిటని అడిగితే వాడు ‘చిన్ను’ అన్నాడు, అమ్మ పేరేమిటంటే ‘అమ్మ’ అన్నాడు. వాడికి తెలిసిన పేర్లు అవే. మేము వాడికి తన అసలు పేరే నేర్పలేదు.

కాబట్టి బయలుదేరడానికి వారం ముందు నుంచే పిల్లవాడికి తన పూర్తిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు పాటలాగా నేర్పాలి. ‘నేను తప్పిపోయాను, మా అమ్మకు ఫోన్ చేయండి’ అనే మాటను ఇంగ్లిషులో ఒక్క వాక్యంగా నేర్పితే ఇంకా మంచిది. హిందీలో నేర్పినా పనికివస్తుంది, ఎందుకంటే అక్కడి దుకాణాల్లో, కాపలా పనుల్లో ఉన్నవారిలో భారతదేశం నుంచీ నేపాల్ నుంచీ వచ్చినవారు చాలామంది. తప్పిపోతే ఎక్కడికీ నడవకుండా ఉన్నచోటే నిలబడాలనీ, యూనిఫాం వేసుకున్నవారికి గానీ, డబ్బులు తీసుకునే బల్ల వెనుక ఉన్నవారికి గానీ చెప్పాలనీ నేర్పాలి. మాట రాని పిల్లలకు మణికట్టు మీద ఫోన్ నంబరు బాల్ పెన్నుతో రాస్తే చెమటకు చెరిగిపోతుంది. ఆసుపత్రిలో కట్టేలాంటి కాగితపు పట్టీ మీద రాసి కట్టాలి. నంబరు ముందు దేశపు కోడ్ మరవకూడదు. అక్కడి సిమ్ నంబరైతే 971, మన నంబరైతే 91. అన్నయ్య నంబరు కూడా రాస్తే మంచిది, ఎందుకంటే మన ఫోన్‌కు రోమింగ్ లేకపోవచ్చు.

ఇంట్లో నుంచి బయటికి అడుగుపెట్టే ముందు గుమ్మం దగ్గర పిల్లలను నిలబెట్టి ఒక ఫోటో తీయండి. కంగారులో ‘నీలం చొక్కా వేసుకున్నాడు’ అని తప్పు చెప్పడం నాకే జరిగింది, వాడు ఆ రోజు వేసుకున్నది పచ్చ చొక్కా. ఇంకొక్క ఏర్పాటు కూడా చేసుకోవాలి. నలుగురు పెద్దవాళ్లున్నచోట ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. పిల్ల ఎవరి చేతిలో ఉందో నోటితో చెప్పి అప్పగించాలి. ‘అత్తయ్యా, పాప మీ దగ్గర ఉంది’ అని చెప్పి, ఆమె ‘సరేనమ్మా’ అన్నాకే చేయి వదలాలి. ఎప్పుడైనా పోలీసుల అవసరం పడితే నంబరు 999, అంబులెన్సుకు 998.

ఎస్కలేటర్ల దగ్గర కూడా ఇంతే శ్రద్ధ కావాలి. మెత్తని రబ్బరు చెప్పులు మెట్ల అంచుల్లో ఇరుక్కుంటాయి, అందువల్ల పిల్లలకు గట్టి అడుగున్న బూట్లు వేయాలి. అమ్మమ్మ చీర కుచ్చిళ్లను ఒక చేత్తో కాస్త పైకి పట్టుకోమని చెప్పాలి, పిల్లను ఆమె చేతికి ఇవ్వకూడదు. స్ట్రాలర్ ఉన్నవారు లిఫ్ట్ కోసం ఎంతసేపైనా ఆగాలి గానీ ఎస్కలేటర్ ఎక్కించకూడదు.

ఏ వింతను ఎంచుకోవాలి

రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నేను నిస్సంకోచంగా చెప్పేది అక్వేరియం. దాని తొట్టిలో కోటి లీటర్ల నీళ్లు ఉంటాయి. ముందున్న అద్దం లాంటి పారదర్శక పలక 32.88 మీటర్ల వెడల్పు, 8.3 మీటర్ల ఎత్తు, ముప్పావు మీటరు మందం. సొరచేపలు, వెడల్పైన రెక్కలతో ఈదే టేకి చేపలు తిరిగే ఆ తొట్టిని మాల్ నడవాలో నిలబడి ఒక్క దిర్హమ్ ఖర్చు లేకుండా చూడవచ్చు. టికెట్ కొన్నవారు తొట్టి అడుగునున్న 48 మీటర్ల సొరంగంలో నడవవచ్చు. మూడేళ్లలోపు పిల్లలకు బయటినుంచి చూసేదే చాలని నా అభిప్రాయం. మా అబ్బాయి ఆ పలకకు రెండు అరచేతులూ ఆనించి నిలబడితే, ఒక టేకి చేప తెల్లని పొట్ట చూపిస్తూ వాడి ముఖం ముందునుంచే పైకి జారిపోయింది. ఊపిరి తగిలి మంచుపట్టినట్లయిన చోటును వాడు మోచేత్తో తుడిచి, మళ్లీ అదే చోట ముక్కు ఆనించాడు. నలభై నిమిషాలు అక్కడినుంచి కదలలేదు. అలాంటప్పుడు ‘పద, ఇంకా చాలా చూడాలి’ అని పిల్లల చేయి లాగకండి. వాళ్లు చూడవలసినది చూస్తూనే ఉన్నారు.

నాలుగేళ్లు దాటి, ఆటలో తామే పాలుపంచుకోవాలని చూసే పిల్లలకు ఇదే మాల్‌లోని కిడ్జానియా బాగుంటుంది. అగ్నిమాపక సిబ్బందిగా, వైద్యులుగా వేషం వేసుకుని పనిచేసి, అక్కడి ఆటడబ్బు సంపాదించి ఖర్చుపెట్టే పిల్లల నగరం అది. దానికి పూటంతా పడుతుంది కాబట్టి ఆ రోజు ఇంకేదీ పెట్టుకోకూడదు. మంచు చూడాలనే పిల్లలను దుబాయ్ మాల్‌కు కాక, 2005లో తెరిచిన మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లోని స్కీ దుబాయ్‌కి తీసుకువెళ్లాలి. జాకెట్, ప్యాంటు, బూట్లు వాళ్లే ఇస్తారు. సున్నా కంటే తక్కువ డిగ్రీల చలి కాబట్టి, ఉన్ని చేతితొడుగులూ మందపాటి మేజోళ్లూ మన వెంట ఉండాలి. తాతయ్యలూ అమ్మమ్మలూ వెంట ఉంటే ఇబ్న్ బతూతా మాల్ కూడా మంచి ఎంపిక. ఇబ్న్ బతూతా పూర్వకాలపు యాత్రికుడు, ఆయన తిరిగిన దేశాల పేర్లతో దాన్ని కట్టారు. అందులోని భారత భాగంలో అల్ జజరీ అనే పూర్వకాలపు యంత్రనిపుణుడు రూపొందించిన ఏనుగు గడియారానికి పెద్ద నమూనా ఉంది. అక్కడ పిల్లలు ఏనుగును చూస్తారు, తాతయ్యలు కాస్త కూర్చుంటారు.

ఎక్కడికి వెళ్లినా భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు వేసుకోవడం అక్కడి మర్యాద. మన పిల్లల ఫోటోలు తీసుకునేటప్పుడు పక్కన ఉన్న ఇతరులు, ముఖ్యంగా స్త్రీలు, అందులో పడకుండా చూసుకోవాలి. అనుమతి లేకుండా ఇతరుల ఫోటోలు తీయడం అక్కడ చట్టరీత్యా నేరం.

కొనడం మానలేం. ఆట వస్తువు కోసం పేచీ పెట్టే వయసు పిల్లలకు బయలుదేరే ముందే ముప్పై దిర్హమ్‌లు చేతిలో పెట్టి, ఇవి నీవి, వీటికి వచ్చేదే కొనుక్కోవాలి అని చెబితే, దుకాణంలో కూర్చుని ఏడ్చే పిల్లలే అల్మరాల ముందు నిలబడి ధర చీటీలు చదువుతారు. సందర్శకులకు 5 శాతం వ్యాట్‌లో ఎక్కువ భాగం విమానాశ్రయంలో తిరిగి వస్తుంది. ఒక దుకాణంలో కనీసం 250 దిర్హమ్‌ల కొనుగోలు ఉండాలి, పాస్‌పోర్టు చూపించి పన్ను రశీదు తీసుకోవాలి.

సాయంత్రం నీళ్ల ఆట, తిరుగు దారి

బుర్జ్ ఖలీఫా ముందున్న చెరువులో సాయంత్రం ఆరు దాటిన తర్వాత అరగంటకోసారి ఫౌంటెన్ ప్రదర్శన ఉంటుంది. పెద్దవాళ్లు బాగా చీకటిపడ్డాక చూడాలంటారు. పసిపిల్లలున్నవారు మొదటి ప్రదర్శనకే వెళ్లాలి. ఎనిమిదింటి ప్రదర్శన మన పిల్లలకు రాత్రి తొమ్మిదిన్నరది, అప్పటికి వాళ్లు దేన్నీ చూసి ఆనందించే స్థితిలో ఉండరు. ప్రదర్శన ఒక పాటంత సేపే ఉంటుంది గనుక, పది నిమిషాల ముందు వెళ్లి నిలబడితే చాలు. నీళ్లు హఠాత్తుగా పైకి లేచేటప్పుడు వచ్చే పెద్ద చప్పుడుకు చంటిపిల్లలు బెదురుతారు, వారిని గట్టు దగ్గరికి తీసుకువెళ్లకుండా వెనుకే నిలబడండి. రెయిలింగ్ మీద పిల్లలను కూర్చోబెట్టి ఫోటో తీయడం ఎంతమాత్రం కూడదు. 828 మీటర్ల భవనాన్ని పిల్లలతో సహా ఒకే ఫోటోలో ఇరికించాలని నేల మీద పడుకునే నాన్నలు, ఆ సమయంలో పిల్లను ఎవరి చేతికి ఇచ్చారో ముందు చూసుకోవాలి.

ప్రదర్శన ముగిసిన వెంటనే జనమంతా ఒక్కసారిగా మెట్రో వంతెన వైపు కదులుతారు. వారితో కలిసి వెళ్లకుండా, లోపలే ఒక బెంచీ మీద కూర్చుని, పాప పాలు తాగేదాకా, బాబు బనియను మార్చేదాకా ఇరవై నిమిషాలు ఆగండి. పిల్లలు అప్పటికే నిద్రపోయి ఉంటే మెట్రో ఆలోచన మానుకోండి. స్ట్రాలర్ మడవాలంటే వాళ్లను లేపాలి, లేస్తే 820 మీటర్లూ ఏడుస్తారు. అన్నయ్యను పిల్లల సీటున్న కారు తీసుకుని రమ్మనండి, లేదా ఆ సౌకర్యం ఉన్న ట్యాక్సీని యాప్‌లో ముందుగా పిలవండి. బయటి వేడిలోకి వచ్చేటప్పుడు స్వెటర్ తీసేయడం, పాప కాలి బూట్లు రెండూ ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోవడం మరవవద్దు. ఒక బూటు ఎప్పుడూ స్ట్రాలర్ అడుగున ఉన్న సంచిలోనే ఉండిపోతుంది.